అడవిలో ఇంటి మాట

శ్రీలంకలో సర్ఫింగ్ ఊళ్లన్నీ తిరిగి, వీపున సంచులతో నేనూ బృందా జీపులో అడవి దాటుతున్నాం. వాగు పొంగి జీపు ఆగిపోయింది.

“ఏనుగులు తిరిగే చోటు, దిగొద్దు” అని డ్రైవర్ తమిళంలో చెప్పి తలుపులు లాక్ చేశాడు. ఒక్క ఏనుగూ కనబడలేదు. ఫోన్లకు సిగ్నల్ లేదు. ఇరుక్కుపోయాం.

తమిళనాడులోని మా కోవిల్‌పట్టిలో తెలుగు ఇంట్లో మాటే. గడప దాటితే ఎవరికీ అర్థం కాదు. అందుకే ధైర్యంగా తెలుగులోకి దిగాం.

“దొంగనాయాలు, కావాలనే ఆపినాడే!” అన్నాను.

“వీని మొగం చూడు, గుడ్లగూబ!” అంది బృంద.

వాగు తగ్గేదాకా తిట్టాం.

ఊళ్లో డ్రైవర్ మా సంచులు దించి, కళ్లు తుడుచుకుంటూ తెలుగులో అన్నాడు: “మా అవ్వ ఇట్లే తిట్టేది. ఆమె పోయినాక ఈ మాట ఇప్పుడే వింటా ఉండాను. ఇంకొంచెం తిట్టండమ్మా.”