ఏడో తీగ తర్వాత

రేపు కబొనేసాకు ఆపరేషన్. మూర్ఛ పుట్టే చోటు కోసేయాలి, మాట పుట్టే చోటు దక్కాలి. అందుకే ఈ రాత్రి, ఆమె మెదడులోకి దించిన తీగల్లో ఒక్కొక్కదానికీ కొంచెం కరెంటు ఇచ్చి, ఏమనిపిస్తోందో అడుగుతున్నాను.

ఏడో తీగకు నవ్వింది. “చచ్చిపోయిన మా అవ్వ పిలుస్తోంది డాక్టరమ్మా. ‘అబ్వోలీ’ అని.”

మా తోరో తెగవాళ్లకు తలా ఒక ముద్దుపేరు ఉంటుంది. పొద్దున నాదీ అడిగింది. కంపాలా వచ్చాక ఎవరికీ చెప్పలేదు, ఆమెకూ చెప్పలేదు.

ఊహించుకుంటోందేమో చూద్దామని, ఎప్పుడూ చేసినట్టే, మీట నొక్కకుండా “ఇస్తున్నా” అన్నాను.

“ఇప్పుడు వేరే ఆవిడ. మిమ్మల్నే. ‘అడ్యేరీ, అరటికాయలు మాడుతున్నాయే’ అంటోంది.”

ఆ పేరు నాదే. అమ్మ పోయిన సాయంత్రం పొయ్యి మీద మాడినవి అవే.

మీట మీంచి చెయ్యి తీసేశాను.

“మళ్లీ ఇస్తున్నా” అన్నాను.