కాలువ మీద చాప

అతిథి సంచిని షరాత్ తనే సర్దుతోంది.

రెండు జతల బట్టలు, చిన్న కత్తి, నాలుగు ఉల్లిపాయలు, ఎవర్నీ ముట్టుకోనివ్వని ఒక తెల్లబట్ట మూట.

"మూట విప్పి చూశావా?" గుమ్మంలోంచి భర్త బిహ్రామ్ గుసగుసగా అడిగాడు.

"ఆ ముడి విప్పితే మళ్లీ అలా వెయ్యడం నా వల్ల కాదు. ఇంకేముంటుంది, మన పేర్లు రాసుకున్న కాయితాలే."

ఓడ మధ్యాహ్నం బయల్దేరుతుంది. ఆ ముసలాయన అందులో ఎక్కేదాకా ఆమె ప్రాణం కుదుటపడదు.

కొత్త అమారాకు చుక్కల దారిలో పన్నెండేళ్లకోసారి ఓడ వస్తుంది. మూడు రోజులు ఆగుతుంది. దిగినవాళ్లను ఇంటికొకరుగా పంచుకుంటారు. షరాత్ ఇంటికి ఈయన వచ్చాడు. పేరు ఆదం అన్నాడు. ఒంటిమీద, ఈ వలసను నడిపే కంపెనీవాళ్ల బూడిదరంగు కోటు. ఇంట్లో కూడా టోపీ తీయడు. మూతికి కట్టిన గుడ్డ తీయడు. ఆమె వండింది తినడు. తన కూర తనే కడుక్కుని, తనే వండుకుని, గోడవైపు తిరిగి తింటాడు.

"మనం విషం పెడతామని భయం కాబోలు" అన్నాడు బిహ్రామ్.

"పాపిష్టి పనులు చేసేవాడికే ఆ భయం ఉంటుంది."

గడప దాటగానే ఆయన అడిగిన మొదటి మాట అలాంటిది మరి.

"అమ్మా, మీ ఇంట్లో పారే నీళ్లు ఉన్నాయా?"

ఆ నేలమీద నీళ్లు పారనివ్వడం నేరం. మూతపెట్టిన తొట్టెల్లోనే ఉండాలని కంపెనీ చట్టం. పట్టుబడ్డ ఇంటికి ఏడాదిపాటు సగం నీళ్లే.

కానీ వీళ్ల మందాయీ మతంలో పారే నీళ్లు లేకపోతే పెళ్లి లేదు. తర్మిదా, అంటే వీళ్ల పూజారి, వచ్చి వధూవరుల్ని పారే నీళ్లలో ముంచి లేపితేనే అది పెళ్లి. లేకపోతే పుట్టే బిడ్డలు ఈ మతంవాళ్లు కారు.

అందుకే బిహ్రామ్ మగ్గం గది కింద రహస్యంగా ఒక కాలువ తవ్వాడు. పదకొండేళ్లుగా కూతురు అన్హార్, ఆమెకు మాటిచ్చిన జహ్రూన్, ఆ కాలువనే చూస్తూ కూర్చున్నారు. కాలువ ఉంది. ముప్పై ఏళ్లుగా తర్మిదాయే లేడు.

ఈ ఓడలోనైనా వస్తాడేమోనని జహ్రూన్ రేవులో నిలబడి చూశాడు. తెల్లని దుస్తులు, గుండెల దాకా గడ్డం ఉన్నవాడు ఒక్కడూ దిగలేదు.

దిగింది ఈ కోటు ఆసామి. ఆయన్ని చూడగానే కాలువలోకి నీళ్లు తోడే పంపు ఆపేశారు. కాలువ మీద పలకలు వేసి, పైన చాపలు పరిచారు.

అన్హార్ గదిలోకి వచ్చింది.

"అమ్మా, ఆ ముసలాయన నన్ను 'నీకింకా పెళ్లెందుకు కాలేదు తల్లీ' అని అడిగాడు."

షరాత్ సంచి వదిలేసి కూతురివైపు తిరిగింది.

"చూశావా! పెళ్లికాని పిల్లుంటే కాలువ ఉంటుందని వాడికి తెలుసు. నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. కానీ ఆయన కళ్లు చెడ్డవాడి కళ్లలా లేవమ్మా."

"కళ్లు చూసి నీళ్లు పోస్తుందేం కంపెనీ? నోరు మూసుకో."

ముసలాయన మగ్గం గదిలో చాప మీద కూర్చుని ఉన్నాడు. అరచెయ్యి నేలకు ఆనించి ఉంది.

"ఇక్కడ చల్లగా ఉందేం?" అన్నాడు.

"మా ఇంటి నేలే అంతయ్యా" అన్నాడు బిహ్రామ్ తడుముకోకుండా.

"మూడోసారి అడుగుతున్నాను. ఉంటే చెప్పండి. నా వల్ల మీకు కీడు రాదు."

"దొంగ కూడా అదే అంటాడు" అని గొణిగింది షరాత్.

"తొట్టి నీళ్లే అయ్యా, అన్నీ తొట్టి నీళ్లే" అన్నాడు బిహ్రామ్.

"మహాజీవం సాక్షిగా?"

మహాజీవమే వాళ్ల దేవుడు. ఆ ఒట్టు అబద్ధానికి వెయ్యరు. అన్హార్ తండ్రి ముఖంలోకే చూస్తోంది. ఆమె పెదాలు కదిలాయి. తల్లి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"మహాజీవం సాక్షిగా, లేవు."

ముసలాయన కళ్లు మూసుకున్నాడు. ఆ ఒట్టు విన్నాక ఇక అడగలేదు. లేచి, అన్హార్ తలమీద చెయ్యి పెట్టబోయి, వెనక్కి తీసుకున్నాడు.

సంచి మోసుకుని జహ్రూన్ రేవుదాకా వెళ్లొచ్చాడు. వస్తూనే నవ్వాడు.

"అత్తా, నీ చుట్టం మెట్లెక్కుతూ ఏడ్చాడు!"

"వచ్చిన పని కాకపోతే ఏడవడూ మరి!"

ఆ సాయంత్రం పంపు మళ్లీ వేశారు. నీళ్లు పారుతుంటే అందరూ వంగి చూసి, గండం గడిచిందనుకున్నారు.

ఓడలో చెల్లెలు పంపిన ఎండు నిమ్మకాయల గోనె నాలుగో రోజుకు గానీ విప్పలేదు. అడుగున మడతపెట్టిన ఉత్తరం. అన్హార్ పైకి చదివింది.

"అక్కా, ఈ ఓడలో దిగే ముసలాయన కోటు చూసి బెదరకండి, కంపెనీ కళ్లు కప్పడానికి వేసుకున్నాడు. గడ్డం గుడ్డ కింద దాచాడు. పోయిన ఊళ్లో తానెవరో చెప్పుకున్నందుకు ఈయనలాంటి ఇంకొకణ్ణి చంపేశారు, అందుకని పారే నీళ్లు చూపించిన ఇంట్లో తప్ప నోరు విప్పడు. మీ దగ్గర పారే నీళ్లుంటే ముందు అవి చూపించండి. మన అన్హార్‌కు నా ముద్దులు."

పన్నెండేళ్లకు ఓడ మళ్లీ వచ్చింది గానీ, వలస ముప్పై ఒకటో ఏట ఆదివారం మధ్యాహ్నం ఎక్కి వెళ్లిన ఆ మనిషి, చుక్కల దారిలో మిగిలిన ఒకే ఒక్క తర్మిదా, తిరిగి రాలేదు.