దేవి పేరున్న ఫైలు

తనకి వేసే ఫైలు ఏదో ఒక రోజు పాపక్కూడా వెయ్యాల్సి వస్తుందేమో. దేవికి అన్నిటికన్నా పెద్ద భయం అదే.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్క సందులో ఆమె భర్త దుర్గారావుకి చిన్న ఫోటో స్టూడియో ఉంది. రెండు వేల నాలుగులో కంప్యూటర్ కొన్నాడు. ఒక ఫోటోకి రంగు, వెలుగు ఎలా దిద్దాడో అదంతా ఒక పేరు పెట్టి దాచుకుంటాడు. మళ్లీ అలాంటి ఫోటో వస్తే ముఖం చుట్టూ ఒక గీత గీసి, ఆ పేరు మీద నొక్కితే చాలు. క్షణంలో అదే దిద్దుబాటు. 'పెళ్లి' అని ఒక ఫైలు. 'పాస్‌పోర్టు' అని ఒకటి. మూడోది 'దేవి'.

పెళ్లాం పేరు మీద ఫైలు పెట్టుకున్నాడని సందులో అతన్ని మెచ్చుకోని ఆడమనిషి లేదు.

దేవి ఎనిమిదో తరగతిలో బడి మానేసింది. అయినా ఆ నాలుగు నొక్కులూ నేర్చుకుంది. అతను పెళ్లిళ్లకి వెళ్లినప్పుడు స్టూడియోలో తనే కూర్చుంటుంది. నాలుగేళ్ల శ్రీవల్లి ఆమె కాళ్ల దగ్గరే ఆడుకుంటుంది. పాప కాస్త తూలినా సరే, దేవి ఆ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని వెలుతురుకి తిప్పి చూస్తుంది. రాత్రి అతను ఇంటికొచ్చే వేళకి అన్నం పెట్టి పడుకోబెట్టేస్తుంది.

నెలనెలా ముగ్గురూ కలిసి దిగిన ఫోటో ఒకటి పూడిమడకలో దేవి పుట్టింటికి పోస్టులో వెళ్తుంది. తల్లి నూకాలుకి చదువు రాదు. ఫోటో వెనక రాసిన రెండు ముక్కలూ తమ్ముడు దొరబాబు చదివి చెబుతాడు. చేపల గంప దించిన ప్రతి గుమ్మంలోనూ నూకాలు ఆ ఫోటో తీసి చూపిస్తుంది.

మొన్నామధ్య పక్కింటి పోతమ్మ కూతురి ఫోటో పట్టుకుని వచ్చింది. గోడకున్న దేవి ఫోటో వైపు చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఏటి బాబూ, నీ పెళ్లాం నలుపంతా ఏటైపోనాది ఇందులో? మా పిల్లక్కూడా ఆ ఫైలే ఎయ్యి."

దుర్గారావు నవ్వాడు. "అది ఆవిడ మొకానికి కొలిసి సేసింది పిన్నీ. వేరేవోలకి నప్పదు."

"నీ కూతురికైనా నప్పుతాదా? దానిదీ తల్లి రంగే కదేటి!"

"దానికి అక్కర్లేదు," అంది దేవి. కొంచెం గట్టిగానే అంది.

"ఓలమ్మో! పిల్లనంటే ఎంత రోసమో సూడు!"

దుర్గారావు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఈ నెల ఫోటో ఆదివారం దిగారు. సోమవారం అతను మద్దిలపాలెంలో పెళ్లికి వెళ్లాడు. పదకొండింటికి ఫోన్ మోగింది.

"ఫోటో పోస్టులో పడేసినావా?"

"ఇంకా నేదు. ఏత్తాను."

"నీ ఫైలు ఎయ్యి. పాపక్కూడా ఎయ్యి."

దేవి కాళ్ల దగ్గరున్న పాప వైపు చూసింది.

"ఇనబడతందా?"

"పాపకెందుకు?"

"సెప్పింది సెయ్యి," అని పెట్టేశాడు.

దేవి ఫోటో తెరిచింది. తెర మీద మూడు ముఖాలు. నాన్న నవ్వమన్నాడని శ్రీవల్లి పళ్లన్నీ కనబడేలా నవ్వింది. దేవి ఆ ముఖం చుట్టూ గీత గీసింది. తన పేరు మీదికి బాణం గుర్తు తీసుకెళ్లి ఆపింది.

ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. చేతులు ఎవరివో అన్నట్టున్నాయి. బయట బొగ్గు వేసుకుని గూడ్సు బండి పోతోంది. గోడలు అదురుతున్నాయి. ఆఖరి పెట్టె వెళ్లేదాకా అలాగే కూర్చుంది.

"అమ్మా, ఆకలేత్తంది," అంది కింద నుంచి పాప.

"పెడతానమ్మా. ఒక్క నిమిషం."

గీత చెరిపేసింది. ఏ పేరు మీదా నొక్కకుండానే ప్రింటు తీసింది. రంగు ఆరేదాకా నోటితో ఊదింది. కవరు మీద పూడిమడక అడ్రసు రాసింది. ఫోటో వెనక్కి తిప్పి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది:

"తమ్ముడూ, ఈసారి ఫైలెయ్యలేదు, పాప కంటి కింద ఉన్నది నా నలుపు కాదు, మీ బావ సెయ్యి, ఇది అందగానే అమ్మని తీసుకుని వొచ్చి ఒకపాలి పాపని సూడండి."