లంక చుట్టూ మూడు రౌండ్లు

"తాళం ఇవ్వండి," అంది హెప్సిబా.

లంకలో రైతు ఏడుకొండలు అప్పటికే ఆమె స్కూటర్ తాళం చొక్కా జేబులో వేసుకున్నాడు. "బండి ఎండలో ఎందుకు మేడమ్? నీడలో పెడతాను," అంటూ నెట్టుకుంటూ వెళ్లి, కంద చేను పక్కన చెట్టు కింద పెట్టాడు. తిరిగొచ్చాడు కానీ తాళం ఇవ్వలేదు.

హెప్సిబా ఏటి ఒడ్డున చెప్పులు విప్పి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. లేచి గట్టిగా అడుగుదామనుకుంది. నలభై ఎనిమిదేళ్ల మోకాళ్లు చెప్పిన వెంటనే లేవవు. అవి లేచేలోగా కోపం సగం చల్లారిపోయింది. మళ్లీ కూలబడింది.

తిరువూరులో లెక్కల టీచరు ఆమె. ఫోన్లో ఎవరెవరో అమ్మాయిలు దీవుల్లో చున్నీ ఎగరేసుకుంటూ స్కూటర్ నడపడం చూసి చూసి, ఒక్క రోజైనా అలా తిరగాలనుకుంది. అండమాన్ దాకా వెళ్లే ధైర్యం లేదు. కృష్ణా నది మధ్యలో ఈతలంక ఉంది. తెల్లవారుజామున బయల్దేరి, స్కూటర్‌ని పంటు పడవ మీద ఎక్కించుకుని, పదింటికల్లా లంకలో దిగింది.

దిగిన ఇరవై నిమిషాల్లో లంక అయిపోయింది. ఆ తర్వాత ఏం చేయాలో వీడియోల్లో అమ్మాయిలు చెప్పలేదు. అందుకని రెండో రౌండు కొట్టింది. చున్నీ ఎగరలేదు, హెల్మెట్ కింద ఇరుక్కుపోయింది. మూడో రౌండులో ఫోను హ్యాండిల్‌కి కట్టి వీడియో తీసుకుంది. తీరా చూస్తే అందులో లంక లేదు, ఆకాశం లేదు. ఇరవై నిమిషాలూ ఆమె గడ్డమే ఉంది. అది కూడా రెండు గడ్డాలు. అప్పుడొచ్చి ఏటి ఒడ్డున కూర్చుంది. నీళ్లలో పడిపోతుందేమోనని మెడలో గొలుసు తీసి సంచిలో పెట్టింది. గ్యాస్ పుస్తకం ఎక్కడుందని భర్త మరియదాసు మూడుసార్లు ఫోన్ చేస్తే, ఫోను ఆపేసింది.

ఇప్పుడు ఈ తాళం గొడవ.

ఇంతలో డెబ్బై ఏళ్ల ముసలావిడ వచ్చి, ఆనుకుని పక్కనే కూర్చుంది. "నా పేరు సామ్రాజ్యం. ఒక్కదానివే వచ్చావా తల్లీ?" అంది.

"అవునండి. కాసేపు ఒక్కదాన్నే ఉందామని."

"ఇంట్లో చెప్పావా?"

"చెప్పాను. విన్నారో లేదో నాకు తెలీదు."

"పిల్లలు?"

"పెద్దవాళ్లయిపోయారండి. ఇంక నాతో పనేముంది వాళ్లకి?" హెప్సిబా నవ్వింది. సామ్రాజ్యం నవ్వలేదు.

"మళ్లీ ఎప్పుడెళ్తావు?"

"ఈ నీళ్లు చూశాక ఎక్కడికీ వెళ్లాలనిపించట్లేదు పెద్దమ్మా."

సామ్రాజ్యం తల తిప్పి ఏడుకొండలు వైపు చూసింది. అతను గబగబా ఊళ్లోకి వెళ్లాడు. పావుగంటలో ఇద్దరాడవాళ్లు బట్టల మూటతో వచ్చి, అంత పొడవు ఒడ్డు ఉండగా సరిగ్గా హెప్సిబా ముందు నీళ్లలోనే ఉతకడం మొదలుపెట్టారు. తర్వాత ఇంకో ముగ్గురు వచ్చారు. వాళ్ల చేతుల్లో బట్టలు కూడా లేవు. తన ఇంట్లో ప్రార్థన కూటం పెట్టినప్పుడు కూడా ఇంతమంది రాలేదని హెప్సిబా అనుకుంది.

టీచరంటే పల్లెల్లో ఇంకా గౌరవం ఉందని మొదట మురిసిపోయింది. తను టీచరని ఎవరికీ చెప్పలేదని తర్వాత గుర్తొచ్చింది. అయితే కొత్త చలవ కళ్లజోడు వల్లే అయ్యుంటుంది. అది పెట్టుకుంటే పదేళ్లు తగ్గినట్టున్నారని షాపువాడు ఊరికే అనలేదు. కళ్లజోడు సర్దుకుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

మధ్యాహ్నం సామ్రాజ్యం ఇంట్లో చేపల పులుసు పెట్టారు. తింటున్నంతసేపూ ఆరుగురు ఆమె నోటివంకే చూశారు. బాత్రూమ్‌కి వెళ్తే ఒకామె తలుపు బయట నిలబడి, ఆగకుండా కబుర్లు చెప్పింది. మళ్లీ ఏటి దగ్గరికి వెళ్తానంటే "అక్కడ జారుతుంది" అన్నారు ముక్తకంఠంతో.

మూడింటి పంటుకి స్కూటర్‌ని ఏడుకొండలే ఎక్కించాడు. తాళం తెచ్చి సామ్రాజ్యం చేతిలో పెట్టాడు. సామ్రాజ్యం కూడా పంటెక్కి, హెప్సిబాని మధ్యలో కూర్చోబెట్టి, అవతలి ఒడ్డు చేరేదాకా మణికట్టు వదల్లేదు.

దిగాక, "ముందు ఇంటికి ఫోన్ చెయ్యి," అంది.

హెప్సిబా చేసింది. "గ్యాస్ పుస్తకం దొరికిందిలే. వచ్చేటప్పుడు కోడిగుడ్లు పట్రా," అన్నాడు మరియదాసు. ఆ మాట విని సామ్రాజ్యం ఊపిరి వదిలింది. తాళం చేతిలో పెట్టింది.

"ఇదంతా ఏంటి పెద్దమ్మా? నా తాళం ఎందుకు తీసుకున్నారు?"

"లంక చుట్టూ మూడుసార్లు తిరిగావు. ఫోను ఆపేశావు. గొలుసు తీసి లోపల పెట్టావు. చెప్పులు ఒడ్డున వదిలావు. మేం ఏమనుకోవాలి తల్లీ?"

హెప్సిబాకి అప్పుడర్థమైంది. పొద్దుట్నుంచీ తను పోగేసుకున్న గొప్పంతా ఇదా. ఈ మధ్య ఇంత సంతోషంగా ఉన్న రోజు లేదే, సంతోషంగా ఉంటే తన మొహం చావబోయేవాళ్ల మొహంలా ఉంటుందా. నవ్వాపుకోలేక స్కూటర్ పట్టుకుని నిలబడింది.

"నేను చావడానికి రాలేదు పెద్దమ్మా. ఒక్క రోజు హాయిగా ఉందామని వచ్చాను. అంతే," అంటూ హెల్మెట్ పెట్టుకుంది.

సామ్రాజ్యం ఆమె చున్నీని హెల్మెట్ కింద నుంచి లాగి సరిచేసింది.

"పద్నాలుగేళ్ల కిందట నన్ను ఏట్లోంచి లాక్కొచ్చిన లంకవాళ్లకి నేనూ ఇదే చెప్పాను తల్లీ," అంది.