మావాడి నంబరు

మా ఇంట్లో ఆడవాళ్ళు ఏ దరఖాస్తు పెట్టినా మగవాళ్ళ ఫోన్ నంబరే ఇవ్వాలి. కోడలు సమాచార శాస్త్రం, స్త్రీల అధ్యయనం కలిపి చెప్పే జంట ఎం.ఏ.కి దరఖాస్తు పెట్టినప్పుడూ మావాడి నంబరే ఇచ్చింది.

“ఆడాళ్ళ గురించి తెలుసుకోడానికి రెండు డిగ్రీలా? మా అమ్మనడిగితే చెప్పదూ!” అని మా మేధావి ఇకిలించాడు.

ఈ సాయంత్రం యూనివర్సిటీ నుంచంటూ ఫోనొచ్చింది.

“సీటా? ఆవిడకి ఇష్టం లేదండీ,” అని మహారాజులా పెట్టేశాడు. నేను పేపరు చాటునుంచి అంతా విన్నాను.

కోడలు గదిలోంచి వచ్చి, “ఎవరండీ?” అని అడిగింది.

“రాంగ్ నంబరు.”

“సీటు నిన్ననే నేను వెళ్ళి తీసుకున్నాను. ఇప్పుడు ఫోన్ చేసింది నా స్నేహితురాలు. మీరు నాకు చెప్తారని పందెం కాసింది, పాపం!”