గుచ్చుకోని బ్యాడ్జి

"రుద్దితే అద్దమే సార్! ఎదుటివాడు మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు," అంటూ సేల్స్‌మన్ లోహపు బ్యాడ్జిని బల్ల మీద టంగుమనిపించాడు.

పెద్దాయన దాని వంక చూడలేదు. పక్కనున్న మెత్తటి బ్యాడ్జిని వేళ్ళ మధ్య వంచి వదిలాడు. రిటైరైన పోలీసు చీఫ్ సలహా కావాలని డిపార్ట్‌మెంట్ కబురు పెడితే, ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. ఎలాగైనా ఈ మెత్తటిదే ఖాయం చేయించాలి. సంతకం మాత్రం బల్లకు అవతలున్న స్టోర్స్ ఆఫీసరుది. నుదుటి మీదికి జుట్టు దువ్వుకున్న ఆ యువతి ఇందాకట్నుంచీ ముక్తసరిగానే మాట్లాడుతోంది.

"ఇదే బాగుంది మేడమ్."

"కారణం చెప్పండి సార్."

"రెండూ మా సరుకే అనుకోండి," సేల్స్‌మన్ అడ్డొచ్చాడు. "కానీ రబ్బరు ముక్కని చూసి దొంగ భయపడతాడా?"

"దొంగ సంగతి సరేనయ్యా. ఇంట్లోవాళ్ళ మాటేమిటి?"

పెద్దాయన చూపు బల్ల మీది ఫోటో దగ్గర ఆగింది.

"బాబుకి ఎన్నేళ్ళు?"

"నాలుగు."

"డ్యూటీ దిగి వెళ్ళగానే మీద పడిపోతాడు కదూ?"

ఆమె తలూపింది.

"మా పాపా అంతే. ఓసారి పరిగెత్తుకొచ్చి వాటేసుకుంది. బ్యాడ్జి మొన కనుబొమ్మని చీరేసింది. నేనేమో..." మెత్తటి బ్యాడ్జిని మళ్ళీ వంచాడు. "యూనిఫాంకి నెత్తురంటిందని కసిరాను."

సేల్స్‌మన్ నవ్వబోయి మానుకున్నాడు. "తర్వాత?"

"మళ్ళీ రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడేది. నేనూ పిలవలేదు."

తప్పంతా బ్యాడ్జిదే అనుకోబట్టి ఇన్నేళ్ళూ బతకడం తేలికైంది. దాన్ని తీసి పక్కన పెట్టడానికి ఎంతసేపు పట్టేది? ఆ ప్రశ్న మాత్రం ఏ మూల దాక్కున్నా వెతుక్కుంటూ వచ్చేది.

ఆమె కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టింది.

"మెత్తటివే పంపండి."

"మీ ఇష్టం మేడమ్." సేల్స్‌మన్ పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. పెద్దాయన లేచి, బల్ల చుట్టూ తిరిగి ఆమె ముందుకొచ్చాడు. చేతులు రెండూ వాటంతటవే సగం దాకా లేచాయి.

ఆమె లేచి, ఒక అడుగు వెనక్కి వేసి నిటారుగా నిలబడింది.

కుడి కనుబొమ్మ మీది పాత గాటుకు వేళ్ళు ఆనించి, కూతురు సెల్యూట్ చేసింది.