ఆరు వందల గజాల తోడేలు

పెళ్లికి పోతుంటే, ఒమాన్‌లో ఇబ్రి ఊరికి ముందు చెక్‌పోస్టులో పోలీసు నేను నడుపుతున్న కారు ఆపాడు. పక్కనున్న మా యజమాని అర్బాబుకు పెళ్లికొడుక్కున్నంత సంబరం. ఇక్కడ పెళ్లికి తుపాకి లేకుండా పోవడం మర్యాద కాదు. ఒళ్లో ఉన్నదాన్ని నిటారుగా ఎత్తి పట్టుకున్నాడు.

పోలీసు దాన్ని చూడలేదు. కాగితాల కోసం నా వైపు చెయ్యి చాపాడు.

"సార్, అది అర్బాబు తాతగారిది," అన్నాను వినయంగా. "దాంతోనే ఆ తాతగారు తోడేలును కొట్టారు."

ఇంకేముంది, అర్బాబు కారు దిగాడు. పోయిన నెల చెప్పినప్పుడు రెండు వందల గజాల దూరంలో చచ్చిన తోడేలు ఇవాళ ఆరు వందల గజాల దూరంలో చచ్చింది. ఈ లెక్కన వచ్చే నెల అది దుబాయిలో చస్తుంది. అక్కడున్న పోలీసులు ముగ్గురూ తుపాకిని చేతుల్లోకి తీసుకుని చూశారు, మాషా అల్లా అన్నారు, మమ్మల్ని పొమ్మన్నారు.

కొత్తగా పనిలో చేరిన గురవయ్య వెనక సీట్లోంచి గొణిగాడు. "ప్రతి చెక్‌పోస్టులోనూ ఆ తోడేలు కత నువ్వే ఎత్తుతాండావే జిలానన్నా. ఆయప్పకైతే గొప్పల పిచ్చి. నీకేమొస్తాది?"

"నా లేబర్ కార్డు తేదీ దాటి ఏడు నెలలాయ. ఈయప్ప కొత్తది చేయించేదాకా ఆ తోడేలు చస్తానే ఉండాల."